ఎడమవైపు లైటు

బోధన్ బస్టాండు దగ్గర మధుకర్‌కు ఒక ఫొటో స్టూడియో ఉంది. ఒకప్పుడు పెళ్లి ఆల్బమ్‌లతో తీరిక దొరికేది కాదు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు సైజు ఫొటోలు, జిరాక్స్, లామినేషన్ మిగిలాయి. వచ్చిన ప్రతి మొహం మీదా ఒకే లైటు వేసి, "గదుమ జర కిందికి" అని ఒకే మాట అనేవాడు. తనకు ఇంతకన్నా పెద్ద పని వచ్చునని, అది ఎవరికీ అక్కర్లేదని లోపల కుమిలేవాడు.

అతనికి, భార్య పుష్పలతకు పిల్లలు లేరు. ఎడపల్లిలో ఉండే మధుకర్ చెల్లెలు జ్యోతిరాణి కూతురు వర్ష ఆరో తరగతికి బోధన్ బడిలో చేరి వాళ్లింట్లోనే ఉండేది. నాలుగేళ్లప్పుడు, బెల్లం వండేచోట ఆడుకుంటుంటే కాగుతున్న చెరకు రసం ఆ పిల్ల ఎడమ చెంప మీద చిందింది. కంటి కింది నుంచి దవడ దాకా చర్మం ముడుచుకుపోయింది. బడిలో ఎప్పుడూ బెంచి ఎడమ చివర, ఆ చెంప గోడవైపు ఉండేట్టు కూర్చునేది.

ఆ ఏడాది నిజామాబాద్‌లో ఒక స్టూడియో మూసేస్తుంటే మధుకర్ అక్కడి పాత లైట్లు రెండు కొన్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి ప్రయోగాలు మొదలుపెట్టాడు. స్టూలు మీద కూర్చునేది వర్షే. లైటుకు తెల్లగుడ్డ కడితే మొహం మీద వెలుగు మెత్తబడేది. థర్మకోల్ షీటు దగ్గరికి జరిపితే నీడ పలచబడేది. ఒక ఆదివారం లైటు కుడివైపు పెట్టి, పిల్ల తల కొంచెం తిప్పించాడు. మచ్చంతా చీకట్లో కలిసిపోయింది.

కంప్యూటర్లో ఆ ఫొటో చూసి వర్ష తెరకు దగ్గరగా వంగింది.

"మామా, గిది నేనేనా?"

"నువ్వే బిడ్డా. లైటు ఎటు పెట్టాల్నో తెల్వాలె, అంతే."

ఆ ఫొటో ప్రింటు తీసుకుని లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. తర్వాతి వారం నుంచి తనే ముందు తయారై, అత్తతో జడలు వేయించుకుని స్టూడియోకు పరుగెత్తేది.

రెండు నెలలయ్యేసరికి మధుకర్‌కు ఆ ఫొటోలు చప్పగా అనిపించాయి. అందరూ తీసేవే. ఒక ఆదివారం లైటు ఎడమవైపుకు మార్చి, గుడ్డ తీసేసి, చెంపకు పక్కగా పెట్టాడు.

వర్ష వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. "గటు దిక్కు వద్దు మామా."

"ఎవ్వలకు సూపియ్య బిడ్డా. వెలుగు ఎట్ల పడ్తదో సూస్త, గంతే."

పిల్ల మామ మాట నమ్మి చెయ్యి దించింది. ముడతలన్నీ వెలుగులో లేచి కనిపించాయి. మధ్యలో బెరుకుబెరుకుగా చూసే రెండు కళ్లు. తన జన్మలో ఇలాంటి ఫొటో తియ్యలేదని బటన్ నొక్కుతుండగానే అతనికి తెలిసింది.

నాలుగు రోజులు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అయిదో రోజు నిజామాబాద్‌లో జరిగే ఫొటోల పోటీకి పంపాడు. పుష్పలతకు కూడా చెప్పలేదు. గెలిస్తే పిల్లే సంతోషపడుతుందని తనకు తాను చెప్పుకున్నాడు. ఫొటో కింద పేరు రాయమంటే 'కాలిన చెంప' అని రాశాడు.

మొదటి బహుమతి వచ్చింది. ఆ ఫొటో, దాని పేరుతో సహా, పేపరు జిల్లా పేజీలో పడింది. బడిలో ఒక సారు దాన్ని కత్తిరించి, మన బడి పిల్లే అని మురిసిపోతూ బోర్డుకు అంటించాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోపే పిల్లలు ఆమెను ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు.

సాయంత్రం వర్ష ఏడవలేదు. స్టూడియో గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఎవ్వలకు సూపియ్యనన్నవ్ గద మామా?"

"ఫస్ట్ ప్రైజ్ అచ్చింది బిడ్డా. జిల్లా మొత్తంల..."

"నన్ను అడిగినవా?"



మర్నాడు జ్యోతిరాణి వచ్చి కూతురి బట్టలు సర్దింది. వెళ్తూ అన్న ముందు ఆగింది. "అన్నా, కాగే రసం కాడ పోరిని ఇడిసిపెట్టింది నేను. గా తప్పు నాది, సచ్చేదాక మోస్త. కనీ నేను తెల్వక చేసిన. నువ్వు తెలిసి చేసినవ్."

ఆ తర్వాత స్టూడియోకు పని పెరిగింది. పేపర్లో వచ్చిన ఫొటోగ్రాఫరట కదా అని జనం పిల్లల్ని తీసుకొచ్చేవారు. మధుకర్ అవునని తలూపి లైట్లు సర్దేవాడు. అతను పెద్దది చేయించి స్టూడియో గోడకు తగిలించిన ఆ ఫొటోను పుష్పలత తీసి బీరువా వెనక పెట్టింది.

అయిదేళ్లకు గాని అతనికి ఎడపల్లి పోయే ధైర్యం రాలేదు. వర్ష ఇంటర్‌కు వచ్చింది. కుర్చీ వేసి, నీళ్లిచ్చి, చాయ్ పెట్టింది. అతనికి ఎదురుగానే, మొహం తిప్పుకోకుండా కూర్చుంది.

"తప్పయింది బిడ్డా. గా ఫొటో తీసేసినం."

"ఉంచినా ఏం గాదు మామా. అందరు సూసినంక ఇంక దాసేదేముంది?"

"నీకు నచ్చినట్టు ఒక్కటి తీస్త. ఎటు దిక్కు లైటు పెట్టమంటే గటే పెడ్త."

"వద్దు మామా," అంది వర్ష మర్యాదగా. "చాయ్ సల్లారుతది, తాగు."

అతను తాగాడు. ఆమె ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది. బస్సు టైమయ్యేదాకా మళ్లీ బయటికి రాలేదు.