అవతలి అంచు

ఇప్పటికీ నా కలలకు మగ్గం చప్పుడుంటుంది. గద్వాలలోని మా ఇంటి వెనక గది, గుంత మగ్గంలోకి కాళ్లు దించి ఒక పక్క నాన్న, ఒక పక్క నేను. మా చీరల్లో నడుమ నేత నూలు, అంచులు పట్టు. రెండూ కలవాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. దారం కండె పెట్టి నేను విసిరిన నాడెను నాన్న అందుకుని, తన వైపు అంచు దారంతో మెలిపెట్టి తిప్పి పంపేవాడు. గంటలకు గంటలు మాకు మాటతో పనుండేది కాదు.

ఎనభైల చివర్లో నాన్న పోయాడు. చీర సగంలో ఉంది. దినాలు కాగానే అన్న ఆ గదికి తాళం వేశాడు. గుంత పూడ్చి, గదిని ఎవరో వ్యాపారికి గోదాముగా ఇస్తానన్నాడు. నేను పెళ్లి కాని మనిషిని, నాకొచ్చింది ఆ ఒక్క పనే. ఆ గుంత పూడిస్తే నేనేం చేసుకుని బతకాలి?

లేనివాళ్ల తరఫున ఉచితంగా వాదించడానికి సర్కారు ఒక వకీలమ్మను పెట్టిందని పక్కింటి అక్క చెప్పింది. ఆవిడే నా చేత దావా వేయించి, గుంత పూడ్చకుండా ఆపించింది. ఇక అక్కణ్నుంచి వాయిదాలు. కోర్టు వరండాలో, అయిజ నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు తువ్వాళ్లు పరుచుకుని కునుకు తీసేవాళ్లు. ఆ వేడికి నాకూ కళ్లు మూతలు పడేవి. కుచ్చిళ్ల కింద కాళ్లు వాటంతటవే మగ్గం తొక్కుతుండేవి. బంట్రోతు కేకకు ఉలిక్కిపడి లేస్తే, మళ్లీ ఇంకో వాయిదా. ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు నిజంగానే లోపలికి పిలిచారు. అప్పటికే అన్న చెప్పేసి ఉన్నాడు, "మా చెల్లెకు మగ్గం రాదు సారూ, దారం కండెలు చుట్టేది, గంతే" అని. నేతగాళ్ల సొసైటీ కార్డు నాన్న పేరు మీదే ఉంది. నువ్వు నేసినట్టు రుజువేమిటని అన్న తరఫు వకీలు అడిగాడు. బుద్ధెరిగిన నాటి నుంచి చేస్తున్న పనిని ఎక్కణ్నుంచి చెప్పుకురావాలి?

బయటికొచ్చాక వకీలమ్మ తల పట్టుకుంది. "గట్ల నిలబడితే ఎట్లమ్మా? జర ఏదన్న చెప్పాలె గదా."

"నాకు చెప్పొస్తలేదమ్మా. సారునే జర మా ఇంటికి రమ్మనుండ్రి. నేసి చూపిస్త."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే అర్జీ రాసింది.

జడ్జి వస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. వచ్చాడు. అన్న చేత తాళం తీయించాడు. కుర్చీ తెస్తే వద్దని, గుంత పక్కన నేల మీదే కూర్చున్నాడు. కోర్టులో నేనాయన మొహం సరిగా చూడనే లేదు. ఇక్కడ నా మొహానికి ఎదురుగా ఉంది.

గుంతలోకి దిగాను. అరికాళ్లకు చల్లటి మట్టి తగిలింది. కిటికీ ఎండలో దుమ్ము మెల్లగా తేలుతోంది. నాన్న ఇప్పుడే మంచినీళ్లకు లేచి వెళ్లినట్టనిపించింది. అలవాటు కొద్దీ నాడె విసిరాను. విసిరాక గుర్తొచ్చింది, అవతల అందుకునే మనిషి లేడని.

నాడె కింద పడలేదు. మగ్గానికి అవతలి పక్కన నిలబడి ఉన్న అన్న ఎప్పుడు వంగాడో, చేత్తో అందుకున్నాడు. సైకిల్ షాపు పెట్టుకోకముందు అతనూ నాన్న దగ్గర నేర్చుకున్నవాడే. దారం మెలిపెట్టి తిప్పి పంపాడు. నేను మళ్లీ విసిరాను. ఇద్దరం తల ఎత్తకుండా వేలెడు మేర నేశాం. ఆ కాసేపూ దావా ఉందన్న సంగతే మర్చిపోయాను.

"ఈమెకు మగ్గం రాదన్నారు కదా?" అని జడ్జి అన్నను అడిగాడు.

అన్న తన చేతిలోని నాడె వైపు చూసుకున్నాడు. "కింద పడేస్తే మా నాయిన కొట్టెటోడు సారూ" అన్నాడు. తర్వాత నాడెను మగ్గం మీద పెట్టాడు. "వస్తది సారూ. నాకంటె మంచిగొస్తది."

ఆ మాటను జడ్జి వెంట వచ్చిన గుమాస్తా రాసుకున్నాడు. ఆ తర్వాత ఆ గదికి మళ్లీ తాళం పడలేదు.

పక్కింటి అక్కను తోడు కూర్చోబెట్టుకుని చీర పూర్తి చేశాను. దాన్ని ఎవరికీ అమ్మలేదు. అవతలి అంచు ఒకచోట వేలెడు మేర వదులుగా ఉంటుంది. విప్పి సరిగ్గా నేయమని చూసినవాళ్లంతా అన్నారు. అక్కడ నేసింది మా అన్న.