ముసురుకు ఆరిపోయిన చుట్ట

“గీ వానల నన్ను బయటికి పొమ్మంటవా? ఈ ఇల్లు నా కొడుకుది!”

“ఇల్లు నీ కొడుకుదే. పిల్ల గూడ నీ కొడుకుదే. దాని దగ్గు, ఎగపోత ఇనవడ్తలేదా అత్తమ్మ నీకు?”

“నా చుట్ట పొగలనే నీ పెనిమిటి పెరిగిండు. వానికేమైంది? రోజు బాయిల దిగి బొగ్గు నింపుతలేడా?”

“ఆయినెకు ఏం గాలేదు. పోయినేడు నా కొడుకు పోయిండు గద.”

మా అత్త రాజవ్వ పొగాకు డబ్బా చంకన పెట్టుకుని, గొంగడి నెత్తిన వేసుకుని చూరు కిందికి వెళ్ళిపోయింది. నేను తలుపు మూసి లోపలి గొళ్ళెం పెట్టాను.

నిన్న మా వీధిలో ముసురు పట్టింది. పాలకోసమని గడప దాటితే, టీ కొట్టు రేకు కింద ఎవరో ముసలాయన చుట్ట ముట్టించుకుంటున్నాడు. నెమ్ము తగిలిన పొగాకు వాసన వేరు. ఎండిన ఆకు ఘాటుగా ముక్కుకెక్కుతుంది. నెమ్ము ఆకు పొగ పుల్లగా, తడి గొంగడి మాడినట్టు, పైకి లేవకుండా నేల మీదే పాకుతుంది. ఆ వాసనతో పాటే పై కొట్లాట చెవిలో పడింది. యాభై ఏళ్ళు దాటినా ఒక్క మాట పొల్లుపోలేదు. పొగ నాకు అప్పుడూ గిట్టేది కాదు, ఇప్పుడూ గిట్టదు. అయినా పాల గిన్నె పట్టుకుని ఆ ముసలాయన నాలుగు దమ్ములు పీల్చేదాకా అక్కడే నిలబడ్డాను.

మా అత్తది గోదావరి ఒడ్డు పల్లె. కొడుక్కు గోదావరిఖనిలో బొగ్గు బాయి పని దొరికితే ఉన్న కొంచెం పొలం పాలివాళ్ళకు అప్పజెప్పి వెంట వచ్చింది. నేను కోడలిగా అడుగుపెట్టింది చలికాలంలో. అప్పుడు మా వాడకట్టు తెల్లవారేది బొగ్గు పొగతోనే. పాత బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన కుంపట్లు ప్రతి గడప ముందూ పొగలు కక్కుతుండేవి. మంచూ పొగా కలిసిపోయి ఎదురింటి మనిషి కనబడేది కాదు. ఆ కుంపటి పక్కన కూర్చుని అత్త బొటనవేలంత లావు చుట్ట చుట్టుకునేది. చలికాలం చుట్ట లావుగానే ఉండాలి, ఒకసారి ముట్టిస్తే పొద్దెక్కేదాకా నడవాలి అన్నది ఆమె పద్ధతి. అగ్గిపుల్ల గీసేది కాదు. నిప్పు కణికను వట్టి వేళ్ళతో తీసి, అరచేతిలో ఎగరేస్తూ చుట్టకు అంటించేది. వచ్చిన కొత్తలో నేను పొయ్యి ముట్టించడానికి పుల్ల గీయడం చూసింది.

“మీ అయ్యకు అగ్గిపెట్టెల కార్ఖాన ఉన్నదా పిల్లా?”

“లేదు. కానీ ఇంటింటికి తిరిగి నిప్పు అడుక్కొచ్చుడు మా అయ్య నేర్పలేదు.”

పక్కింటి లచ్చక్క కిసుక్కున నవ్వింది. “రాజవ్వ, నీకు సరిజోడు దొరికింది పో!” అంది. అత్తకు కోపం రాలేదు. చిప్పలో నాలుగు కణికలు వేసి నా ముందు పెట్టింది. నిప్పు మీద బూడిద కప్పి మర్నాటిదాకా నిలపడం, ఆ బూడిదతోనే గిన్నెలు తోమడం, సగం కాలిన బొగ్గును నీళ్ళు చల్లి మళ్ళీ వాడుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నన్ను పిసినారి అని ఇప్పుడు నా కోడళ్ళు అంటారు. మా అత్తను చూస్తే ఏమనేవాళ్ళో. ఆ రోజు నుంచి మా అయ్యను ఎత్తి పొడవడం ఆమెకు, వెంటనే మాటకు మాట అనడం నాకు అలవాటైంది. పస్తులున్న రోజైనా, జ్వరంతో పడుకున్న రోజైనా, మా అయ్య పేరు తీస్తే నేను ఊరుకున్నది లేదు.

ఎండకాలం వస్తే ఆమె చుట్ట తీరే మారిపోయేది. ఆకు పెళపెళ విరిగిపోతుందని తడిగుడ్డలో చుట్టి నీళ్ళకుండ పక్కన పెట్టేది. సన్నగా చుట్టుకుని, తెల్లవారకముందు ఒకటి, సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లాక ఒకటి తాగేది. “ఎండల పొగ తాగితే గొంతుల ముండ్లు దిగినట్టైతది” అని పగటిపూట డబ్బా ముట్టేది కాదు. వాడకట్టులో సగం ఇళ్ళు గడ్డి కప్పులవి. గాలిదుమారం లేస్తే చాలు, నోట్లో చుట్ట తీసి రాయికి రాసి, చల్లబడిందో లేదో వేలితో చూసుకుని చెవి మీద పెట్టుకునేది. ఒకనాడు మా ఇంటాయన డ్యూటీ దిగి వస్తూ లచ్చక్క గడ్డి చూరు కింద బీడీ ముట్టించాడు. అత్త ఉరికి పోయి ఆయన నోట్లోది గుంజి పారేసింది.

“కండ్లు నెత్తికెక్కినయా? గాలి ఎటున్నదో చూసి ముట్టియ్యాలె గద!”

“బాయిల ముట్టియ్యనియ్యరు. ఇంటికొస్తే నువ్వు ముట్టియ్యనియ్యవు. నేనెక్కడ తాగాలె అవ్వ?”

“నీళ్ళ బాయిల నడుంలోతు దిగి తాగు పో.”

ఎండకీ చలికీ మేం ఎలాగో సర్దుకున్నాం. మా ఇద్దరికీ పడనిది వానకాలం. పల్లెలో ఉంటే నాట్లు వేసేది. ఇక్కడ పొలం లేదు, పని లేదు, చేతులు ఊరుకోక చుట్టలు ఎక్కువయ్యేవి. పైగా నెమ్ముకు ఆకు మెత్తబడి సరిగా అంటుకునేది కాదు. అంటుకున్నా నాలుగు దమ్ములకే ఆరిపోయేది. అగ్గిపుల్లలు గీస్తే మందు ఊడి రాలేది. అందుకని ముసురు పట్టిన రోజుల్లో అత్త ఇంట్లో పొయ్యి పక్కనే చతికిలబడి, ఆరినప్పుడల్లా ముట్టించుకుంటూ పొద్దు గడిపేది. మాది ఒక్క గది. మట్టి గోడలు, పైన గూన పెంకులు, కిటికీ లేదు. ఆ ఏడు పెంకులు కారుతున్నాయని మా ఇంటాయన పైన టార్పాలిన్ కప్పి అంచులకు బండలు పెట్టాడు. కారడం ఆగింది, పొగ పోవడం కూడా ఆగింది.

అంతకుముందు వానకాలంలో నా మొదటి కొడుకు రొమ్ము పట్టి, రెండు రోజులు ఎగపోసి, నా ఒడిలోనే పోయాడు. మళ్ళీ ముసురు మొదలయ్యేసరికి నెలల పిల్ల సరోజ అచ్చం అలాగే దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు విన్నప్పుడల్లా లేచి దాని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఈ పిల్ల కూడా దక్కదేమో అన్న ఒక్క భయంతోనే ఆ పొద్దు అత్తతో అంత మాట అన్నాను.

మా ఇంటాయన షిఫ్టులో ఉన్నాడు. పిల్ల గుడ్డలు ఆరక ముక్కవాసన వస్తున్నాయి. కుంపటి బయట ముట్టించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక లోపల పెట్టి, మీద గంప బోర్లించి గుడ్డలు పరిచాను. వాడకట్టులో అందరం చేసే పనే అది. కంటికి కనబడే పొగ పోతే ఆ నిప్పుతో ఇక భయం లేదనుకునేవాళ్ళం. అత్త బయటికి పోయాక జల్లు కొట్టకుండా, ఆమె చుట్ట పొగ రాకుండా తలుపు సందులో గోనెసంచి కూడా కుక్కాను. కాసేపటికి తల నొప్పి మొదలైంది. కొట్లాటకు నొస్తున్నదనుకున్నాను. పిల్ల దగ్గు ఆగి నిద్రపోయింది. చుట్ట పొగ లేకపోతే ఎంత హాయిగా పడుకుందో అనుకుని పక్కన ఒరిగాను. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది అత్త, లచ్చక్క చెప్పగా విన్నదే.

చూరు కింద అత్త చుట్ట ఆరిపోయింది. డబ్బాలోని అగ్గిపుల్లలన్నీ గీసింది, ఒక్కటీ అంటుకోలేదు. లచ్చక్క పొయ్యి ఆ పూట చల్లగా ఉంది. వెళ్ళగొట్టిన కోడలిని నిప్పు అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆరిన చుట్టను అలాగే నములుతూ చాలాసేపు కూర్చుందట. చివరికి చలికి ఆగలేక వచ్చి తలుపు కొట్టింది.

“గింత నిప్పు ఇయ్యి. లోపలికి రాను తియ్యి.”

జవాబు లేదు.

“అలిగినవా? అలుగు. అలిగితే కుంపటి నీదైతదా?”

జవాబు లేదు.

“మీ అయ్య ఇంట్లకెల్లి తెచ్చినవా నిప్పు, దాచుకొని కూసున్నవు? బిడ్డకు నోరు నేర్పిండు గని బుద్ధి నేర్పకపాయె మీ అయ్య!”

అప్పుడు కూడా లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఆమె రెండు చేతులతో తలుపు బాదిందట. “లచ్చీ, ఉరికి రా! వాళ్ళయ్యను తిట్టినా పలుకుతలేదు! ఏదో అయ్యింది!” అని వాడకట్టు అదిరేటట్టు అరిచింది. ఇద్దరూ కలిసి తలుపును భుజాలతో తోస్తే గొళ్ళెం ఊడింది. అత్త ముందు పిల్లను ఎత్తుకుని వానలోకి ఉరికింది. లచ్చక్క నన్ను రెక్కలు పట్టి ఈడ్చింది. పిల్ల మొహం మీద వాన చినుకులు పడుతుంటే, అత్త దాని అరికాళ్ళు గట్టిగా రుద్దుతూ, “ఏడువే తల్లీ, ఏడువే” అని అదే మాట అంటూ కూర్చుందట. నాకు తెలివొచ్చేసరికి మొదట విన్నది పిల్ల ఏడుపే. దగ్గుతూ, ఎగపోస్తూ, గొంతు చించుకుని ఏడుస్తోంది. అంత మంచి చప్పుడు నేను జన్మలో వినలేదు.

వాంతి చేసుకుని నేను కళ్ళు తెరిస్తే అత్త బురదలో కూర్చుని నా మొహంలోకి చూస్తోంది.

“నీ అయ్యను అంతగనం తిట్టిన. ఇనలేదా?”

“మా అయ్య నీకేం జేసిండు?” అన్నాను. నాలుక మందంగా తిరిగింది కానీ మాట వచ్చింది.

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో ఆ వానలో తెలియలేదు. “లచ్చీ, బతికింది! ఇగ మనకు ఫికర్ లేదు,” అంది.

దవాఖానలో డాక్టరు, పొగ కనబడకపోయినా బొగ్గు నిప్పు నుంచి విషపు గాలి వస్తుందనీ, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరం దక్కకపోయేవాళ్ళమనీ చెప్పాడు. పిల్ల దగ్గుకు మందు రాసిచ్చాడు. మా ఇంటాయన షిఫ్టు బట్టలతోనే ఉరికి వచ్చాడు. మొహం మీద మసి కన్నీళ్ళకు చారికలు కట్టింది. “బాయిల గాలి మంచిగున్నదో లేదో దీపం పట్టి చూసి గాని ముందుకు పోనియ్యరు. ఇంట్ల ఎవ్వలం చూసుకోకపోతిమి,” అని గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

చుట్ట మంచిదని నేను ఇప్పటికీ అనను. ముసలితనంలో అత్తను దగ్గుతో లొంగదీసింది అదే. ఆమె పీనాసితనం, ఆమె నోరు, రెండూ నాకు వచ్చాయి. ఒంటరిగా ఉన్న మనిషి గొంతు వినబడకపోతే పోయి తలుపు కొట్టడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అలిగి పలకడం లేదులే అని నేను ఎవరినీ వదిలెయ్యను. నా పిల్లల ఇళ్ళలో గ్యాసు పొయ్యిలున్నాయి. అయినా ఏ ఇంటికి వెళ్ళినా గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో ముందు చూస్తాను. ఆ ముసురు పొద్దు గుర్తొస్తే ఇప్పుడు భయం వేయదు. తల మీది మోపు దించినట్టుంటుంది. సరోజ బతికింది, పెద్దదైంది, దానికీ మనవలు పుట్టారు.

మమ్మల్ని దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు తెల్లవారి కూడా వాన తగ్గలేదు. అత్త గడ్డపార తీసుకుని, విసుర్రాయి మీదికెక్కి, తలుపుకు ఎదురు గోడను చూరు కింద పొడవడం మొదలుపెట్టింది. “నేను పొడుస్త, దిగు అవ్వ,” అని మా ఇంటాయన అన్నా వినలేదు. మట్టి పెళ్ళలు గది నిండా పడ్డాయి. పిల్లను ఎత్తుకుని నేను చూస్తూ నిలబడ్డాను. తలకాయ పట్టేంత కంత పడ్డాక దిగి చేతులు దులుపుకుంది. ఆ కంతలోంచి వానజల్లు లోపలికి కొట్టింది. నేను బియ్యం డబ్బా పక్కకు జరిపాను.