మదాయిన్ సాలిహ్ ఇంజన్‌కు లేని పచ్చ దీపం

ఈ ప్రయాణం సరదా కోసం మొదలవలేదు. కువైట్ యుద్ధం ముగిసిన ఏడాది చలికాలంలో నేను సౌదీలోని యాన్బు రేవులో ఒక ప్లాంటులో పంపుల మెకానిక్‌ని. అంతకుముందు కాజీపేట షెడ్డులో బొగ్గు ఇంజన్ల ఫిట్టర్‌గా పనిచేశాను. మా క్యాంపులోనే రాజయ్య అని ఒక వెల్డర్ ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. ఒక సాయంత్రం అతను ఏదో పాత దీపాన్ని బాగుచేసి, గదిలో కిరసనాయిలు వాసన వస్తుందని డాబా మీదికి తీసుకెళ్ళి వెలిగించాడు. దీపం పక్కనున్న మీట పనిచేస్తోందో లేదో చూద్దామని అటూ ఇటూ తిప్పాడు. పచ్చ, తెలుపు, మళ్ళీ పచ్చ. ఆ డాబా మీది నుంచి చూస్తే ఎదురుగా ఓడరేవు. యుద్ధం ఆగినా జనంలో భయం ఆగని రోజులవి. పది నిమిషాల్లో సెక్యూరిటీ బండి వచ్చేసింది.

సెక్యూరిటీ అధికారి అబూ ఫహద్ దీపంతో పాటు రాజయ్య ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే గుర్తింపు కార్డు, కూడా పట్టుకుపోయాడు. ఓడలకు సైగలు చేస్తున్నాడని ఆయన అనుమానం. ఇఖామా లేకపోతే క్యాంపు గేటు దాటలేం. సంగతి తేలకపోతే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. రాజయ్య వచ్చి అప్పటికి ఏడాదిన్నరే. మర్నాడు నన్ను వెంటపెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు. బల్ల మీద దీపాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఎప్పుడో రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నుంచి వచ్చిన ఇంజన్ల మాన్యువల్ ఒకటి మా షెడ్డులో పడి ఉండేది. అందులో దీని బొమ్మ ఉంది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డ రాజయ్య, నా నోటి దురుసు. "సర్, ఇది రైలింజన్ దీపం. మా ఇండియాలో వాడరు గానీ, బయట ఏ దేశం బొగ్గు ఇంజన్‌కైనా ముందువైపు ఇలాంటివి రెండు ఉంటాయి" అనేశాను. అబూ ఫహద్ నన్ను తేరిపార చూసి, అరబీ కలిసిన ఇంగ్లీషులో అన్నాడు. "మదాయిన్ సాలిహ్‌లో పాత హిజాజ్ రైలు ఇంజన్ ఒకటుంది. గురువారం నాకు అటు పనుంది. ఇద్దరూ రండి. దీపం ఎక్కడుంటుందో దాని మీద చూపించు."

గురువారం తెల్లవారుజామున అయిదింటికి, నమాజు కాగానే, ఆయన పికప్‌లో బయల్దేరాం. ఇప్పుడైతే యాన్బు నుంచి అల్ ఐస్ మీదుగా మదాయిన్ సాలిహ్ పక్కనున్న అల్ ఉలాకు మంచి రోడ్డుంది, నాలుగు గంటల్లో చేరతారట. మదీనా ఊళ్ళోకి ముస్లిమేతరులను రానివ్వరు కాబట్టి మేం బైపాస్ పట్టుకుని చుట్టు తిరిగి వెళ్ళాం. ఏడు గంటలు పట్టింది. ముందు సీట్లో ముగ్గురం, నా కాళ్ళ దగ్గర గోనెసంచిలో దీపం. ఆయన జేబులో రాజయ్య ఇఖామా. చెక్‌పోస్టు దగ్గర సిపాయి సంచి విప్పించి, లోపలి పచ్చ గాజు చూసి మొహం మాడ్చాడు. అబూ ఫహద్ తన కార్డు చూపించి ఏదో చెప్పాక గానీ వదల్లేదు. ఈయన ఇక్కడ మమ్మల్ని దింపేసి పోతే మా గతేమిటనిపించింది. అసలు మమ్మల్ని నిజంగా మదాయిన్ సాలిహ్‌కే తీసుకెళ్తున్నాడా అని ప్రతి మలుపులోనూ బోర్డులు చదువుతూ కూర్చున్నాను.

బైపాస్ దాటాక పెట్రోలు బంకు పక్కన ఒక మలయాళీ హోటల్లో ఆగాం. ఫూల్ అనే చిక్కుడు గింజల ముద్ద, వేడి తమీస్ రొట్టె, చాయ్. ముగ్గురికీ కలిపి తొమ్మిది రియాళ్ళు. వంటాయన సంచి వైపు చూసి హిందీ, అరబీ కలిపి అడిగాడు, "అందులో ఏముంది భాయ్?" నేను నోరు తెరిచేలోపే అబూ ఫహద్ జవాబిచ్చాడు. "అది తేల్చడానికే పోతున్నాం."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు రాజయ్యను పక్కకు పిలిచాను. దీపాన్ని ఒక అమెరికన్ ఇంజనీరు యుద్ధం మొదలవగానే తన దేశం పోతూ ఇచ్చాడని అతను చెబుతున్నాడు. ఆ ఇంజనీరు ఇప్పుడు లేడు, సాక్షి లేడు. నాకు మొదటి నుంచీ అది మింగుడుపడలేదు.

"నిజం చెప్పు రాజయ్యా, ఆయన ఇచ్చిండా, ఖాళీ చేసిన ఇంట్లకెళ్ళి ఎత్కొచ్చినవా?"

రాజయ్య నా మొహంలోకి ఒకసారి చూసి, వెళ్ళి బండిలో కూర్చున్నాడు. జవాబు చెప్పలేదంటే తప్పు చేసినట్టేనని నేను తీర్మానించేసుకున్నాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక చేరాం. అప్పట్లో అక్కడికి పర్మిట్ కావాలి. కాపలాదారు మాత్రం అబూ ఫహద్‌ను చూసి కౌగిలించుకుని గేటు తీశాడు. ఎర్రటి కొండల నడుమ రాతి స్టేషను, దాని షెడ్డులో తుప్పుపట్టిన ఇంజన్. కాజీపేట వదిలాక బొగ్గు ఇంజన్ను చూడటం అదే మొదటిసారి. ఎంత ఆనందమేసిందో చెప్పలేను. ఆ ఆనందం నిమిషం కూడా నిలవలేదు. పొగగొట్టం ముందుభాగం పైన, రెండు పక్కలా వెతికాను. దీపం నిలబెట్టే కొక్కెం లేదు, బోల్టు రంధ్రం లేదు, ఉండి ఊడిన గుర్తయినా లేదు. ఇంజన్ జర్మనీది. కింద బఫర్ దగ్గర మాత్రం మామూలు లాంతరు తగిలించే ఇనుప ముక్క ఒకటి వేలాడుతోంది.

రాజయ్య నా చెవిలో అన్నాడు, "అన్నా, గదే అని చెప్పు. నీ కాల్మొక్త. ఆయనకేం ఎర్క?"

చెప్పేద్దామనే అనిపించింది. ఒక్క అబద్ధంతో ముగ్గురం ఇంటికి పోవచ్చు. కానీ ఏళ్ళ తరబడి ఇంజన్లు విప్పి బిగించిన చేతులు నావి. ఇంజన్ ముందు నిలబడి లేనిదాన్ని ఉందని చూపించలేకపోయాను.

"సర్, నేను తప్పు చెప్పాను. ఈ ఇంజన్‌కి ఇలాంటి దీపం ఎప్పుడూ లేదు. ఇది అమెరికా పద్ధతి."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "అయితే ఇది ఏం చేస్తుందో చెప్పు" అన్నాడు.

దీపాన్ని ఇంజన్ నుదుటి పక్కన ఎత్తి పట్టుకుని చెప్పాను. లోపల వత్తి, ముందు తెల్లని దళసరి అద్దం. మీట తిప్పితే వత్తికీ అద్దానికీ మధ్య పచ్చ గాజు వచ్చి నిలబడుతుంది. బండి కదిలే ముందే సిబ్బంది దీన్ని సరిచేస్తారు. పగలైతే అవే రంగుల జెండాలు కడతారు. దీపం వెలగకపోతే టైంటేబుల్లో ఉన్న మామూలు బండి. తెలుపు వెలిగితే టైంటేబుల్లో లేని అదనపు బండి. పచ్చ వెలిగితే ఇదే నంబరు మీద వెనకాల ఇంకో బండి వస్తోందని. ఒంటి లైను మీద పక్క పట్టాల్లో ఆగిన డ్రైవరు ఆ పచ్చను చూడకుండా, బండి పోయింది కదా అని ముందుకు కదిలాడంటే వెనకొచ్చే దానికి ఎదురెళ్ళి గుద్దుకుంటాడు.

"ఇది కబుర్లు పంపే దీపం కాదు సర్. వస్తున్నది ఎలాంటి బండో చెప్పే దీపం."

"ఇంజన్‌కు ఇఖామా లెక్క" అన్నాడు రాజయ్య నీరసంగా. ఆ మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. అబూ ఫహద్ మొదటిసారి నవ్వాడు.

"నేను పుట్టింది అల్ ఉలాలో. చిన్నప్పుడు ఈ ఇంజనెక్కి ఆడుకున్నాను. దీని ముందు ఏముందో, ఏం లేదో నాకు తెలుసు" అన్నాడు. "నువ్వు ఆ ఇనుప ముక్క చూపించి అదేనని చెప్పి ఉంటే, ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టించేవాణ్ణి." జేబులోంచి ఇఖామా తీసి రాజయ్య చేతిలో పెట్టాడు. దీపం కూడా ఇచ్చేశాడు, డాబా ఎక్కనన్న మాట తీసుకుని.

ఆయన తన ఇంటికి వెళ్ళిపోతూ మమ్మల్ని యాన్బు పోయే లారీ ఒకటి ఎక్కించాడు. మనిషికి ముప్పై రియాళ్ళు. లారీ మదీనా బైపాస్ చేరాక రాజయ్య అన్నాడు.

"అన్నా, ఆయన నన్ను అనుమానించిండంటే అది ఆయన నౌకరి. నువ్వెందుకు అనుమానించినవ్?"

ఆ రోజు అంతమందిలో నేను నమ్మింది తుప్పుపట్టిన ఆ ఇంజన్ను ఒక్కదాన్నే. పక్కన భుజం తగిలేలా కూర్చున్న మనిషిని నమ్మలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మదాయిన్ సాలిహ్ వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఎవరి బండిలో వెళ్ళినా మీ ఇఖామా, పాస్‌పోర్టు మీ జేబులోనే ఉంచుకోండి. ఆ రోజు రాజయ్య దారి పొడుగునా లారీలో తన ఇఖామాను రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు, నా వైపున్న జేబులో మాత్రం పెట్టలేదు.