తుపాకీ తిరిగిచ్చే చేతులు

గోర్నో లకోవో పోలీసు శిక్షణ కేంద్రంలో డొబ్రొమీర్‌ది ఇరవై రెండేళ్ల కొలువు. అతను నేర్పే విద్య ఒకటే: ఎదురుగా పిస్తోలు గురిపెట్టినవాడి చేతిలోంచి దాన్ని లాక్కోవడం. లాక్కున్నాక మళ్లీ మొదలుపెట్టాలి కాబట్టి వెంటనే జోడీవాడికి తిరిగిచ్చెయ్యాలి. అదీ పిడి అతనివైపు తిప్పి, మర్యాదగా. ఈ మర్యాద పెట్టింది అరవై దాటినా కుర్చీ వదలని ప్రధాన శిక్షకుడు పనయోత్. డొబ్రొమీర్‌కు తుపాకీ పట్టడం నేర్పిందీ ఆయనే.

మార్చిలో డొబ్రొమీర్ శిష్యురాలు జివ్కా పెట్రోలు బంకులో ఓ దొంగ చేతిలోంచి పిస్తోలు లాగేసింది. రెప్పపాటులో లాగింది. ఆ వెంటనే పిడి తిప్పి వాడికే ఇచ్చేసింది. వాడు ఆమె తొడలో కాల్చి పారిపోయాడు.

"నేనివ్వలేదు సార్, నా చేతులే ఇచ్చేశాయి" అని ఆస్పత్రిలో వెక్కివెక్కి ఏడ్చింది. నిర్లక్ష్యం కింద ఆమె ఉద్యోగం ఊడబీకుతామన్నారు. ఆ చేతులకు అలా నేర్పింది తనేనని డొబ్రొమీర్ నేరుగా పనయోత్ దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, లాక్కున్నవాళ్లు ఇక తిరిగివ్వకూడదు. వెనక్కి జరిగి నేలమీద పెట్టాలి. మార్చేద్దాం" అన్నాడు.

పనయోత్ జున్ను పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు. "నలభై ఏళ్లుగా నేర్పుతున్నా. ఒక్క పిల్ల తింగరిపని చేస్తే విద్య తప్పా? ఫోన్లో వీడియోలు చూసి ముదిరిపోయావురా నువ్వు."

డొబ్రొమీర్ వారం రోజులు ఇంట్లో భార్య చేతికి రబ్బరు పిస్తోలిచ్చి కొత్త పద్ధతి సాధన చేశాడు. జివ్కా మీద విచారణనాడు, తప్పు శిక్షణదేనని అతను చెబితే పెద్ద అధికారి, "చేసి చూపించు. ఇంతకంటే మంచి పద్ధతి ఉందని తేలితే తప్పు శిక్షణది, ఆమెది కాదు" అన్నాడు. జివ్కా చేతికర్ర పట్టుకుని గోడవార నిలబడి ఉంది.

పిస్తోలు పట్టుకుని పనయోతే ఎదురు నిలబడ్డాడు. డొబ్రొమీర్ దాన్ని చక్కగా లాగేశాడు. ముసలాయన ఎప్పటిలాగే అరచెయ్యి చాపాడు. మరుక్షణం పిస్తోలు ఆ చేతిలో ఉంది, పిడి ఆయనవైపు తిరిగి ఉంది.

"చూశారా! సార్ కూడా ఇచ్చేశారు!" అని జివ్కా సంబరంగా అరిచింది.

"అదేనండీ రుజువు! నా చేతులూ ఆగలేదు కదా" అన్నాడు డొబ్రొమీర్.

"వారం సాధన చేసినా నీకే రాలేదంటే అదేం పద్ధతయ్యా?" అని అధికారి సంతకం పెట్టేశాడు. జివ్కా ఉద్యోగం పోయింది. పనయోత్ డొబ్రొమీర్ భుజం తట్టి, "సోమవారం కొత్త బ్యాచ్. ఎనిమిదింటికల్లా వచ్చెయ్" అన్నాడు, ప్రేమగానే.

సోమవారం మొదట నిలబడిన అమ్మాయి అతని చేతిలోంచి పిస్తోలు బాగానే లాక్కుంది. తరవాత ఏం చెయ్యాలో తెలియక అతనివైపు చూసింది.

"తిరిగివ్వకు" అన్నాడు డొబ్రొమీర్.

అతని అరచెయ్యి అప్పటికే చాచి ఉంది. ఆ పిల్ల పిస్తోలు తెచ్చి అందులో పెట్టింది.