నూట ఇరవై డిగ్రీలు

ఇంటర్ పిల్లలకి వెక్టర్ల పాఠం చెప్పే వారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. పాఠం కష్టమని కాదు, తాడేపల్లిగూడెంలో పదిహేనేళ్ళుగా అదే చెబుతున్నాను. బలం ఏటవాలుగా లాగుతుంటే దాన్ని రెండు ముక్కలు చెయ్యండి. మనకి కావలసిన దారి వెంబడి కొసైన్ ముక్క, ఆ దారికి అడ్డంగా సైన్ ముక్క. ఏ వైపు ముక్కలు ఆ వైపువాటితో కూడండి, అయిపోయింది. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. నాకు మాత్రం బోర్డు మీద రెండు బాణాలు గీయగానే మా నాన్న ట్రాక్టరూ మా బాబాయి ట్రాక్టరూ కనిపిస్తాయి.

పెంటపాడు దగ్గర మా పొలాలు మూడూ వరసగా ఉంటాయి. ఉత్తరాన నాన్నది, దక్షిణాన బాబాయిది, మధ్యలో ఎకరంన్నర మా మేనత్తది. ఎప్పుడో ఒక ఎండాకాలం చేలకి నీళ్ళొచ్చే బోదెకి అడ్డం ఎవరు కట్టారన్న గొడవలో అన్నదమ్ములిద్దరికీ మాటలు పోయాయి. కట్టింది బాబాయే, అందులో నాకు అనుమానం లేదు. నాకూ ఆయనతో మాటల్లేవు. నా పెళ్ళికి బొట్టు పెట్టి పిలవడానికి నేనే వెళ్తే, శుభలేఖ గుమ్మంలోంచే తిప్పి పంపిన మనిషి. ఆ రోజు చేతిలో కుంకుమ భరిణెతో వీధిలో నడిచొచ్చిన దారి ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

మధ్యలో నలిగింది అత్తయ్య. ఆవిడ నాన్నకి చెల్లెలు, బాబాయికి అక్క. భర్త పోయాక ఆ ఎకరంన్నర ధాన్యంతోనే ఏడాదంతా గడుపుకునేది. అన్న ఇంట్లోగానీ తమ్ముడి ఇంట్లోగానీ కంచం ముందు కూర్చోనని ఆవిడ పట్టుదల.

రెండేళ్ళ కిందట, సార్వా కోతలప్పుడు, వాయుగుండం కబురు వచ్చింది. బురదలో దిగబడని చైను కోత మిషన్లన్నీ ఏలూరు వైపు వెళ్ళిపోవడంతో అత్తయ్యకి టైర్ల మిషనే దొరికింది. అది సగం చేను కోసి, చేల పక్క బళ్ళ దారి, పుంత దగ్గర మలుపు తిరగబోయి, ఇరుసు దాకా బురదలో దిగబడింది. దాని ముక్కు సరిగ్గా పుంత వైపే ఉంది. పది గజాలు తిన్నగా లాగితే గట్టి నేల. బయటపడితే మిగతా సగం గంటలో అయిపోతుంది.

అత్తయ్య ఇద్దరికీ ఫోన్ చేసింది. ఇద్దరూ ట్రాక్టర్లేసుకుని వచ్చారు. ప్రేమతో అనుకునేరు, రెండోవాడు వచ్చి తను రాలేదంటే ఊళ్ళో తలవంపులు. పుంత మీద రెండు ట్రాక్టర్లూ పక్కపక్కన పడతాయి. కానీ పక్కన నిలబడితే మొహం చూడాలి కదా! అందుకని పుంత వారనే నాన్న ఉత్తరాన తన కళ్ళంలో, బాబాయి దక్షిణాన తన కళ్ళంలో నిలబెట్టి, ఇనప తాళ్ళు అక్కణ్ణించే మిషన్‌కి కట్టించారు. కోతలకని పుట్టింటికొచ్చిన నేను మిషన్‌కి ఎదురుగా పుంత మీద నిలబడి చూసేసరికి రెండు తాళ్ళకీ మధ్య నూట ఇరవై డిగ్రీలుంది.

రెండు ఇంజన్లూ అరుస్తున్నాయి, తాళ్ళు మూలుగుతున్నాయి. మిషన్ జానెడు లేచి మళ్ళీ కూర్చుంటోంది.

నాన్న దగ్గరికి పరిగెత్తాను. "నాన్నగారూ, ఆపండి. మీ తాడు మిషన్ దారికి అరవై డిగ్రీలు పక్కకి ఉందండి. కాస్ అరవై అంటే అర. మీ బలంలో సగమే మిషన్‌ని ముందుకి లాగుతోంది, ఆయనదీ అంతే. ఇద్దరివీ కలిపితే ఒక్క ట్రాక్టర్ బలం. సైన్ ముక్క సగం కంటే ఎక్కువండి, అదంతా మీరాయన్నీ ఆయన మిమ్మల్నీ లాక్కోవడానికే పోతోంది."

నాన్న స్టీరింగ్ వదలకుండానే, "అయితే నేనొక్కణ్ణీ తిన్నగా లాగినా ఇంతేనన్నమాట. వాణ్ణి పొమ్మను" అన్నారు.

"ఒకటి చాలదండి! ఇద్దరూ పుంత మీదకి రావాలి."

"వాడొస్తే నేనొస్తాను."

నేను పుంత మీదకొచ్చి అత్తయ్యకి చెప్పాను. మోకాళ్ళ నొప్పుల మనిషి, గట్టు పట్టుకుని బాబాయి దగ్గరికి నడిచింది. తిరిగొచ్చి, "జరుగుతాడంట గానీ, ఈ లెక్క చెప్పిందెవరని అడిగాడే. నువ్వని చెప్పాను. 'అయితే దాన్నే వచ్చి చెప్పమను, బాబాయీ అని పిలిస్తే చాలు' అంటున్నాడు" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా శుభలేఖ ముట్టుకోనివాడికి ఇప్పుడు నా పిలుపు కావాలా?

"నేను వెళ్ళనండీ. కావాలంటే ఈ బొమ్మ చూపించండి" అని విత్తనాల సంచి మీద పెన్నుతో మిషనూ రెండు బాణాలూ గీసి చేతిలో పెట్టాను. ఎంత శుభ్రంగా గీశానో! అత్తయ్య అది పట్టుకుని మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. నాలుగుసార్లు తిరిగింది. ఎన్నిసార్లు తిరిగినా చివరికి నా దగ్గరే నిలబడింది, సంచి చేత్తో పట్టుకుని.

అయిదోసారి వెళ్ళమనేలోపు గాలి తిరిగింది. మొదటి చినుకులకే ఇద్దరూ తాళ్ళు విప్పుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. మూడు రోజుల వాన. మిగిలిన చేను నేలకి ఒరిగి, కంకుల్లోనే మొలకలొచ్చాయి.

ఆ సంక్రాంతి దాటకుండానే అత్తయ్య గింజలు అయిపోయాయి. అప్పట్నించీ ఆవిడ పదిహేను రోజులు మా ఇంట్లో, పదిహేను రోజులు బాబాయి ఇంట్లో తింటోంది. సంచీ సర్దుకుని అటు వెళ్తుంది, సంచీ సర్దుకుని ఇటు వస్తుంది. తర్వాతి ఏడు పంట బాగానే వచ్చినా సాగుకని నాన్న తీసుకున్న చేను ఆయన చేతికిందే ఉండిపోయింది, ఆవిడ మళ్ళీ అడగలేదు.

మొన్న నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆవిడ మా వంతులోనే ఉంది. వడ్డించాను. ఆవిడ అన్నం కలుపుతూ, తల ఎత్తకుండానే, "ఆ రోజు పుంత మీద నువ్వు నుంచున్న చోట్నించి మీ బాబాయి కళ్ళానికి ఎన్ని అడుగులుంటాయే?" అంది.

నేను కూర గిన్నె ఆవిడ దగ్గరికి జరిపాను.

"లెక్కలు చెప్పేదానివి. తెలియకుండా ఉంటుందా?" అని మజ్జిగ పోయమంది.

తెలుసు. మిషన్ నుంచి పుంతకి పది గజాలు, తాడు అరవై డిగ్రీలు. టాన్ అరవైతో హెచ్చిస్తే పదిహేడు గజాల చిల్లర, నా నడకకి ఇరవై రెండు అడుగులు. ఆ లెక్క ఆ రోజే చేశాను, అత్తయ్య మూడోసారి గట్టు మీద నడుస్తుంటే చూస్తూ.