నలభై ఏడు శాతంతో పాలకుర్తి దాకా: యాకోబు కాకను ఇంట్లో దింపిన రోజు

ఏప్రిల్ నెల ఆఖరి పని రోజు. ములుగులో ఉదయం ఏడింటికే గోడలు వేడెక్కాయి, గాలి లేదు. మడికొండకు ఇవతల ఒక విత్తన శుద్ధి కర్మాగారంలో నేను ల్యాబ్ చూస్తాను. ఆ రోజు పని తక్కువే. మొక్కజొన్న మొలక పరీక్షలో ఎనిమిది ట్రేలు చూసి, మొలవని గింజలు ఎన్నో రాసిపెట్టాలి. మధ్యాహ్నం మా ఎలక్ట్రీషియన్ యాకోబు కాకను పాలకుర్తి దగ్గర వాళ్ల ఊళ్లో దింపి రావాలి. ఆయనకు అది చివరి డ్యూటీ. రిటైరైన మనిషిని మా దగ్గర ఒంటరిగా ఇంటికి పంపరు. శాలువా కప్పి, పూలు కట్టిన కారులో తోటివాళ్లే గుమ్మం దాకా తీసుకెళ్లి ఇంటివాళ్లకు అప్పగించి వస్తారు. ఈసారి ఆ కారు నాదే కావాలని కాక నెల ముందే అడిగాడు. నేను సరేనని మాటిచ్చాను.

నాది చిన్న ఎలక్ట్రిక్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దూరం నుంచి వచ్చేవాళ్లు పని మానేస్తున్నారని రెండేళ్ల కింద మా కంపెనీ పార్కింగ్ షెడ్డులో ఛార్జింగ్ పాయింట్ పెట్టించింది. ఉద్యోగులకు కరెంటు ఉచితం. ఆ ధైర్యంతోనే కారు కొన్నాను. ములుగులో నేనుండేది అద్దె ఇల్లు, ఇంటాయన మీటరు ముట్టనివ్వలేదు. కాబట్టి నేను ఎక్కడికి వెళ్లినా ఆఫీసు కరెంటు మీదే. గూడెప్పాడ్, హనుమకొండ మీదుగా అరవై కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు, బ్యాటరీలో ముప్పై శాతం. సాయంత్రం వందతో బయలుదేరితే ఇంటికి డెబ్బై, మర్నాడు ఆఫీసుకు నలభై. పాయింట్ ఒకటే, కార్లు రెండు. ఒంటిగంటకు నా కారు తీసి అకౌంట్స్ మేడమ్ కారుకు పెట్టాలి. అందరం అన్నం తినే వేళ కాబట్టి ఆ పని కాక చేసేవాడు. చేసే ముందు ఫోన్ చేసేవాడు. “నీ బండి నిండింది బిడ్డా. తీసి ఆమెకు పెడ్తాన.” అంతే, ఫోన్ పెట్టేసేవాడు. చాలా రోజులు నా ఫోన్ మోగేది ఆ ఒక్కసారే.

ఆ రోజు ఎనిమిదీ నలభైకి చేరాను. నలభై శాతం ఉంది. ప్లగ్ పెట్టి, పూలు కట్టడానికి తాళంచెవి క్యాంటీన్ రజితకు ఇచ్చి ట్రేల దగ్గరికి వెళ్లిపోయాను. సభ పన్నెండింటికి మొదలైంది. మేనేజర్ సారు మాట్లాడారు, శాలువా కప్పారు, భోజనాలు అయ్యాయి. కాక రెండుసార్లు షెడ్డు వైపు లేవబోతే, “ఇయ్యాల నువ్వు ఏ పని ముట్టద్దు కాకా, కూసో,” అని తోటివాళ్లు భుజం పట్టి కూర్చోబెట్టారు. రెండుంపావుకు కారు దగ్గరికి వెళ్తే ముందు భాగమంతా బంతిపూల దండలు. ఛార్జింగ్ వైరు చుట్టచుట్టి గోడ కొక్కేనికి ఉంది. నా కారుకు ప్లగ్ ముందు భాగంలో, లోగో కిందే పెట్టాలి.

“వైరు ఎవరు తీశారు రజితా?”

“నేనే తీసిన మేడమ్. దండ సక్కగ కూసుంటలేదు. మళ్ల యాకోబు కాక వెడ్తడు గదా అనుకున్న.”

అందరూ అదే అనుకున్నారు, నేను కూడా. రోజూ ప్లగ్ చూసుకునే మనిషిని మేమే కుర్చీలో కట్టేసినట్టు కూర్చోబెట్టి, ప్లగ్ సంగతి ఆయనకే వదిలేశాం. అకౌంట్స్ మేడమ్ ఆ రోజు సెలవు, అందుకే ఒంటిగంటకు కూడా షెడ్డు వైపు ఎవరూ పోలేదు. కారు మీటరు నలభై ఏడు శాతం చూపించింది. కాక వాళ్ల ఊరు నలభై ఏడు కిలోమీటర్లు. పోవడానికి పాతిక శాతం, రావడానికి పాతిక. వెళ్లగలం, తిరిగి రాలేం. ఆగి ఛార్జింగ్ పెడదామంటే, ఇంటి దగ్గర నాలుగింటికి కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నారు. అయిదుంపావు దాటితే పాస్టరు గారు ఇంకో ఊరికి పోవాలి.

మేనేజర్ సారు తన డీజిల్ కారు ఇస్తానన్నారు. “పూలు ఇటు మార్చుకుందాం యాకోబూ, అయిదు నిమిషాల పని.”

“వద్దు సార్. ఆ ఛార్జింగ్ డబ్బ నేను వెట్టిన, ఆ వైరు నేను గుంజిన. దాని మీదనే ఇంటికి పోత,” అన్నాడు కాక. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. మా ఇంటికాడ పదిహేను ఆంపుల సాకెట్ ఉన్నది,” అన్నాడు.

బరువు తగ్గించడానికి మా కారులో మేమిద్దరమే కూర్చున్నాం. మిగతావాళ్లు వ్యానులో వెనక వచ్చారు. ఏసీ వేయలేదు, అద్దాలు దించాం. కాజీపేట రద్దీ మా వెనకే ఉండిపోయింది, హైవే మీద నలభై అయిదు దాటకుండా నడిపాను. లారీలు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. వేడిగాలికి బంతిపూలు ఒక్కొక్కటే ఊడి అద్దం మీద పడ్డాయి. కాక కళ్లు రోడ్డు మీద లేవు, శాతం మీదే ఉన్నాయి. “నలభై ఒకటి,” “ముప్పై తొమ్మిది,” అని చదువుతూ కూర్చున్నాడు. స్టేషన్ ఘనపూర్‌లో చాయ్ కోసం ఆగాం, కప్పు పది రూపాయలు. చాయ్ పోసే ఆయన కారు చుట్టూ చూసి, “పెండ్లి బండేనా? పెండ్లికొడుకు ఏడి?” అన్నాడు.

“నేనే. కండ్లు కనవడ్తలేవా?” అన్నాడు కాక శాలువా సర్దుకుంటూ. “పిల్ల ఇంటికాడ ఉన్నది. నలభై ఏండ్ల సంది ఎదురుచూత్తాంది.”

అక్కడ హైవే వదిలి ఎడమకు తిరగాలి. ముందుకు పోతే రఘునాథపల్లి వైపు ఒక హోటల్లో ఫాస్ట్ ఛార్జింగ్ ఉందని ఫోన్ చూపించింది. అది పనిచేయడం లేదని వెళ్లినవాళ్లు కింద రాశారు. ఎడమకే తిరిగాను. రోడ్డు సన్నం, గుంతలు తక్కువ, రెండు పక్కలా కోసిన వరి మళ్లు. పాలకుర్తి గుట్ట కనిపించింది, పాలకుర్తికి మూడు కిలోమీటర్ల ఇవతలే వాళ్ల ఊరు. మూడూ నలభై అయిదుకు ఇంటి ముందు ఆపాను. ఇరవై రెండు శాతం.

కాక భార్య మార్తమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. “మీ మనిషిని మీకు అప్పజెప్తున్నం అమ్మా,” అన్నారు మేనేజర్ సారు.

“ముప్పై ఏండ్లు మీ దగ్గర వెట్టుకున్నరు సార్. గిప్పుడు అరిగినంక తెచ్చిండ్రా?” అందామె. నవ్వులయ్యాయి.

ప్రార్థనకు ముందే డిక్కీలో ఉండే ఛార్జింగ్ వైరు తీసి సాకెట్‌కు పెట్టాను. వైరుకున్న డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది, అంటే ఛార్జింగ్ ఎక్కడం లేదు. అప్పటికే పాట ఎత్తుకున్నారు, వెనక కుర్చీలో కూర్చున్నాను. పాస్టరు గారు కాక ఉద్యోగం కోసం, కుటుంబం కోసం ప్రార్థించి, “ఇంత దూరం వచ్చిన ఈ సహోదరికి, ఆమె బండికి క్షేమమైన ప్రయాణం దయచేయుము,” అన్నారు. అందరి కళ్లూ మూసి ఉన్నాయి, కాకవి, నావి తప్ప. ఆయన ఎర్ర దీపం వైపు చూస్తున్నాడు. ఆమెన్ అనగానే లేచి, కొత్త తెల్ల బట్టల్లోనే పెరట్లోకి నడిచి, ఎర్త్ వైరు పాతిన గుంతలో గుప్పెడు ఉప్పు వేసి, రెండు బకెట్ల నీళ్లు పోశాడు. ఎండలకు మట్టి ఎండిపోయి ఎర్త్ అందలేదట. రెండు నిమిషాలకు పచ్చ దీపం వచ్చింది.

“రిటైరై రెండు గంటలు గాలే, మళ్ల డ్యూటీ ఎక్కిండు,” అంది మార్తమ్మ బురద పడిన పంచె చూసి.

వ్యానువాళ్లు భోజనాలు చేసి లేచారు. కారు ఇక్కడే వదిలి తమతో రమ్మని, ఎల్లుండి ఎవరినైనా పంపి తెప్పిద్దామని మేనేజర్ సారు అన్నారు. మర్నాడు సెలవు. కారు లేకపోతే ములుగు ఇంట్లో చేసేది కూడా ఏమీ లేదు. ఉంటానన్నాను. కాసేపటికి అద్దె కుర్చీలు మడిచి ట్రాలీలో వేసుకుపోయారు, నేను కూర్చున్నది ఒక్కటి మిగిల్చి. ఇంట్లో బంధువుల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కాక వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఎల్లుండి సంది ఒంటిగంటకు నువ్వే లేవాలె బిడ్డా. అన్నం మీదికెల్లి గూడ లేవాలె. మర్వకు.”

“మీరు ఫోన్ చేసి గుర్తుచేయండి కాకా.”

“గిక్కడికెల్లి నీ బండి నాకేం కనవడ్తది?” అన్నాడు. నిజంగానే అడిగాడు. కొద్దిసేపటికి గోడకు ఆనుకుని నిద్రపోయాడు. రెండేళ్లలో ఆయన పగలు కళ్లు మూయడం నేను చూడలేదు. నేను పచ్చ దీపం చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఒంటిగంటకు ప్లగ్ నేనే మారుస్తున్నాను. మార్చే ముందు ఫోన్ చేయడానికి ఎవరూ లేరు కాబట్టి పని త్వరగా అయిపోతుంది. ఆఫీసు ఇచ్చే ఛార్జింగ్ మంచి సౌకర్యమే, నా జీతంలో ఒక భాగం లాంటిదే. కానీ అది గోడకున్న డబ్బా ఒక్కటే కాదని, దాన్ని రోజూ ఒక మనిషి లేచి వెళ్లి చూసేవాడని, ఆ మనిషిని కూర్చోబెట్టిన రోజే నాకు తెలిసింది. ఈ దారిలో ఎలక్ట్రిక్ కారుతో పోయేవాళ్లకు ఒక్క మాట. పల్లెటూరి ఇంట్లో ఛార్జింగ్ పెట్టాలనుకుంటే పదిహేను ఆంపుల సాకెట్ ఉందా అని మాత్రమే అడగకండి, ఎర్త్ గుంతలో చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో అడగండి. ప్లగ్ పెట్టాక దీపం పచ్చగా వెలిగేదాకా అక్కడే నిలబడండి.

ఆ సాయంత్రం వ్యాను అయిదింటికి పది నిమిషాల ముందు వెళ్లింది. పాస్టరు గారు అయిదుంపావుకు వెళ్లారు. కాక చెల్లెలు, ఆమె పిల్లలు ఆరింటి బస్సుకు వెళ్లారు. ములుగు దాకా చాలని లోటు దారిలో ఆఫీసు షెడ్డులో ఎక్కించుకోవచ్చని, నేను నలభై తొమ్మిది శాతంతో ఏడింటికి పది నిమిషాల ముందు బయలుదేరాను. కాక ఇంకా నిద్రలోనే ఉన్నాడు.