బాయిలర్‌ని ఇంట్లోకి తెచ్చిన రోజు

మాది రెంటచింతల పక్కన ఒక ఊరు. ఎండాకాలం వస్తే టీవీ వాళ్ళకి మేము గుర్తొస్తాం. మిగతా రోజుల్లో మా బతుకు మాది. ఎండ విషయంలో మాకు ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. చలి విషయంలో మాత్రం ఇంటిల్లిపాదీ నిరక్షరాస్యులం. ఆ సంగతి పాప పుట్టినాక గానీ బయటపడలేదు.

పాప నెలలు నిండకుండా పుట్టింది. నరసరావుపేట ఆసుపత్రిలో కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉంచి, పాలు తాగడం అలవాటయ్యాక ఇంటికి పంపించారు. పంపేటప్పుడు నర్సమ్మ నా భార్యకి చెప్పింది: "బిడ్డని వెచ్చగా ఉంచండమ్మా. అరికాళ్ళు పట్టుకుని చూస్తుండండి. చల్లబడితే గుండెలకి ఆనించుకోండి. మధ్యలో గుడ్డ ఉండకూడదు, ఒంటికి ఒళ్ళు తగలాలి. అప్పటికీ వెచ్చబడకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి."

నేను పక్కనే సంచులు సర్దుతున్నాను. అవి ఆడవాళ్ళ మాటలనుకుని శ్రద్ధగా సర్దాను.

అమ్మ అయితే నవ్వింది కూడా. "రెంటచింతల వాళ్ళకా వెచ్చదనం గురించి ఈ నర్సు పిల్ల చెప్పేది?"

తర్వాత తుఫాను పట్టింది. ముందు కరెంటు పోయింది. పాప పరుపు మీదికి వేలాడదీసిన పెద్ద బల్బే మాకున్న ఒకే ఒక్క వైద్య పరికరం. అది ఆరిపోయింది. తెల్లారేసరికి నా భార్యకి జ్వరం వచ్చి పళ్ళు కొట్టుకుంటున్నాయి. మాచర్ల పోయే దారిలో వాగు రోడ్డెక్కింది. వాగుకి ఇటుపక్క మేము, అటుపక్క అంబులెన్సు. "నీళ్ళు తగ్గితే వచ్చేస్తా సార్, ఎక్కడికీ పోను" అని డ్రైవరు మాటిచ్చాడు. నీళ్ళే ఏ మాటా ఇవ్వలేదు.

పాప అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. గుడ్డలు చుట్టాం. దాని మీద ఇంకో గుడ్డ చుట్టాం. మూటలో పాప ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది గానీ, వెతికి పట్టుకున్న కాళ్ళు మాత్రం అంతే చల్లగా ఉన్నాయి.

మా ఇల్లు కట్టించిన తాత దృష్టిలో చలికాలం ఒక వదంతి. ఎత్తు కప్పు, కింద నాపరాళ్ళు, గోడల నిండా జాలీ కిటికీలు. ఎటు నుంచి గాలి వచ్చినా అభ్యంతరం లేకుండా అటు నుంచి ఇటు వెళ్ళిపోయేట్టు కట్టించాడు. మే నెలలో ఆయనకి దండం పెట్టుకుంటాం. ఆరోజు పెట్టుకోలేదు.

ఎరువుల సంచులు కుక్కి జాలీలు మూశాను. మూశాక గదిలో గాలి ఆగింది, చలి ఆగలేదు. అప్పుడు నాకు బాయిలర్ గుర్తొచ్చింది.

పెరట్లో రేకుల కింద ఉండేది మా రాగి బాయిలర్. నడుమ గొట్టంలో కట్టెలు మండుతాయి, గొట్టం చుట్టూ నీళ్ళు కాగుతాయి. బాలింత స్నానానికి దాంట్లోనే వావిలాకు నీళ్ళు కాస్తోంది అమ్మ. అది ఇంట్లోకి వస్తే గది వెచ్చబడుతుందని నా ఆలోచన. కాలేజీలో నేను ఫిజిక్స్ చదివాను. వేడి ఉన్న చోట నుంచి లేని చోటికి వేడి పోతుందని రాసి పాసయ్యాను. దాన్ని మనక్కావలసిన చోట ఎలా ఆపాలన్నది సిలబస్‌లో లేదు.

నాన్న ఒకసారి సర్పంచిగా నిలబడి ఓడిపోయారు. అప్పటి నుంచి ఏ పనినైనా ముందు వ్యతిరేకించి, తర్వాత ఆయనే చేస్తారు.

"ఇంట్లోకి బాయిలరేందిరా? పొగ?"

"తలుపు తీసి పెడదాం నాన్నా."

"తలుపు తీస్తే వేడేది?"

"అయితే మూద్దాం."

"మూస్తే పొగేది పోయేది?"

"మీరిద్దరూ ఆ మాటలతోనే వెచ్చబెడతారా దాన్ని?" అంది నా భార్య దుప్పట్లోంచి. మూలుగుతున్న మనిషి కాబట్టి మేమిద్దరం వెంటనే లేచాం.

తుమ్మ కట్టెలు బయటే మండించి, పొగ తగ్గి నిప్పులయ్యాక లోపలికి తేవడం నాన్న చేసిన సవరణ. తడి గోతాలు చేతులకి చుట్టుకుని, వానలో తడుస్తూ, చెరోపక్క పట్టుకుని మోసుకొచ్చాం. తలుపు కొంచెం తెరిచి గది మధ్య నిలబెట్టాం. కాసేపటికి నాపరాళ్ళ చల్లదనం కాళ్ళకి తగలడం మానేసింది. నేను పాప అరికాళ్ళు పట్టుకు చూశాను. ముందున్నంత చల్లగా లేవనిపించింది. నిజంగానా, నా చేతులకి వేడి తగిలి అలా అనిపించిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి పిడికిలి బిగించుకుని వచ్చింది.

పిడికిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు. ఆమెకి తోచిన వైద్యం అది. బిడ్డని చూడ్డానికి చానామంది వచ్చిపోయారు, అందరి కళ్ళూ ఒకలా ఉండవు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణుక్కుంటూ పాప చుట్టూ చెయ్యి తిప్పింది. ఎవరైనా ఏమైనా అనేలోపు, రోజూ పొయ్యిలో వేసినంత మామూలుగా, ఆ పిడికిలి తీసుకెళ్ళి బాయిలర్ గొట్టంలో విప్పింది.

అవి మా చేలో పండిన కాయలు. గుంటూరు యార్డులో వ్యాపారులు వాసన చూడబోయి మొహం తిప్పుకునే రకం. గదికి ఉన్న జాలీలన్నీ నేనే దగ్గరుండి మూసి పెట్టాను.

ఆరుబయట ఎన్నిసార్లు చూశామో ఆ పని. నిప్పులో వేసిన కాయ ఘాటెత్తకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, ఘాటెత్తితే అసలు దిష్టే లేనట్టు. ఆరోజు ఏ అనుమానానికీ చోటు లేదు.

"తెలిసిందిగా ఏమే!" నాన్న దగ్గుతూ అరిచారు. "దిష్టి లేదు! బిడ్డని తీసుకుని బయటికి నడువు!"

కళ్ళు కనపడక, దారిలో తలుపుని గుద్దుకుని, అందరం వసారాలోకి వచ్చి పడ్డాం. ఎదురుగా వాన జల్లు. పాప రెండుసార్లు దగ్గింది. తర్వాత దగ్గలేదు. దగ్గితేనే బాగుండేది. పెదాల రంగు మారింది. అరికాళ్ళు వసారా బండలంత చల్లగా ఉన్నాయి.

అమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. "నా చేతులు కాలిపోను, నా చేతులు కాలిపోను" అంటోంది. ఆమెని తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి. వాగు వైపు చూశాను. వసారాలోంచి వాగు కనపడదు, అయినా చూశాను.

"చొక్కా విప్పండి" అంది నా భార్య.

"ఏంటి?"

"నర్సు చెప్పింది కదా, ఒంటికి ఒళ్ళు తగలాలని. నా చేతులు వణుకుతున్నాయి, నేను పట్టుకోలేను. మీ ఒళ్ళు ఉందిగా, విప్పండి."

విప్పాను. గుడ్డలన్నీ తీసేసి పాపని నా రొమ్ము మీద పెట్టి, పైన దుప్పటి కప్పింది. వానలో తడిసిన ఒళ్ళు నాది. ఆ ఒంట్లో ఇంకొకరికి ఇవ్వడానికి వేడి లేదు. పాప బరువు తెలియడం లేదు. మీద పెట్టారో లేదో అని తల వంచి చూసుకున్నాను.

నాన్న లోపలికెళ్ళి, బాయిలర్‌ని ఒక్కరే వసారాలోకి ఈడ్చుకొచ్చారు. అందులోని నిప్పులన్నీ వానలో దొర్లించి, పాప మంచం కింద ఆరబెట్టిన తుమ్మ కట్టెలతో కొత్తగా మంట వేశారు. పొగ జల్లులోకి పోయింది. మంట నిలబడ్డాక దాన్ని నా వీపు వెనక్కి జరిపారు.

"ఆనుకోకు. దగ్గరగా కూర్చో."

కూర్చున్నాను. నా వీపుకి బాయిలర్, నా రొమ్ముకి పాప. ఇల్లు వెచ్చబడలేదు గానీ ఇంట్లో ఒక మనిషి వెచ్చబడటం మొదలైంది. వీపు ముందు హాయిగా ఉంది, తర్వాత చురుక్కుమంది, తర్వాత ఏమీ తెలియలేదు. జరగాలనిపించలేదు. జరిగితే అప్పటిదాకా పోగైన వేడి పోతుందేమోనని భయం. పాప ఊపిరి నా చర్మం మీద సన్నగా తగిలి ఆగేది. మళ్ళీ తగిలేదాకా నేనూ పీల్చేవాణ్ణి కాదు.

నాన్న కట్టె మీద కట్టె పెడుతున్నారు. నా భార్య దుప్పటి కింద చెయ్యి పెట్టి అరికాళ్ళు చూస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది. మళ్ళీ చూస్తోంది, మళ్ళీ ఊపుతోంది. కొంతసేపటికి చూడటం మానేసి గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

అప్పుడు కరెంటొచ్చింది.

మా ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఆపడమనే అలవాటు ఎవరికీ లేదు. సరిగ్గా మా నెత్తి మీద వసారా ఫ్యాను, ఎండాకాలంలో పెట్టిన అయిదు నంబరు మీద, గిర్రున తిరగడం మొదలెట్టింది. కరెంటు కోసం రాత్రంతా మొక్కుకున్నది మేమే. అమ్మ కూలబడిన చోట నుంచి లేచి, తడి బండల మీద జారి, పడకుండా గోడ పట్టుకుని వెళ్ళి స్విచ్చి మీద అరచేత్తో కొట్టింది. "చాల్లే నీ సేవ!" అంది ఫ్యానుతో.

తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. అడగనా వద్దా అన్నట్టు నా మొహంలోకి చూసింది. వాన నీళ్ళలో తడిసిన చెయ్యిని చీరకి తుడుచుకుని, దుప్పటి కింద పెట్టి పాప అరికాలు పట్టుకుంది.

పాప కాలు లాగేసుకుంది. చల్లటి చెయ్యి తగిలితే ఎవరైనా లాక్కుంటారే, అలా.

అమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది. "ఇదేందిరా," అంది, "నా చెయ్యే చల్లగా ఉంది."